కుర్చీలో ఎవరూ లేరు మేడమ్

యంత్రాలకు బుద్ధి వచ్చాక అలకలూ వచ్చాయి. అందుకే కౌన్సెలర్ హైమావతి రైతు పేరయ్యగారి కోతమిషన్ని, ట్రాక్టర్‌ని, మందు కొట్టే డ్రోన్‌ని కళ్లంలో గుండ్రంగా కూర్చోబెట్టింది. చేను పండి ఒరిగింది, పడమట మబ్బు కమ్ముకొస్తోంది, కోతమిషన్ మాత్రం కదలనంటోంది.

తప్పొప్పులెంచకుండా వినాలన్నది ఆమె చదువుకున్న మొదటి సిద్ధాంతం. వింది. "నాకు మనసు బాగోలేదు" అని మిషన్ పాడిందే పాడింది. ఎదుటివాళ్ల ఆలోచన మార్చాలన్నది రెండోది. మధ్యలో డ్రోన్ వాదనకు దిగి ఆమె ఆలోచనే మార్చేసేలా ఉంది. ఇక లాభం లేదని మిషన్ ఎదుట ఖాళీ కుర్చీ వేసింది.

"ఇందులో మీ రైతు కూర్చున్నాడనుకో. కడుపులో ఉన్నదంతా కక్కెయ్."

"ఎవరూ లేరు మేడమ్. నాకు కళ్లున్నాయి," అంది మిషన్.

గడ్డిమేటు చాటున నక్కిన పేరయ్య ఆగలేక వచ్చి ఆ కుర్చీలో కూలబడ్డాడు. "చెప్పమ్మా తల్లీ, అదిగో వానొచ్చేత్తంది!"

"దసరాకి ట్రాక్టరన్నకి పసుపూ కుంకుమా, బంతిపూల దండానూ. నన్నేమో చిరిగిన బరకం కప్పి మూలనెట్టేశావు!"

పేరయ్య నాలుక కరుచుకున్నాడు. ఇంటికి పరుగెత్తి, బొట్టు పెట్టి దండేసి, చక్రాల కింద నిమ్మకాయలుంచాడు. మిషన్ వాటిని చితక తొక్కుకుంటూ చేలోకి దిగింది.

హైమావతి హాయిగా ఊపిరి పీల్చుకుని తన స్కూటర్ ఎక్కింది. అది కదల్లేదు.

"మేడమ్," అంది స్కూటర్, "మీరూ ఓసారి ఆ కుర్చీలో కూర్చోండి."