నీళ్ళ బెంచీ

పైడిరాజు సీసాడు నీళ్ళు తాగి, ఉగ్గబట్టుకుంటూ వీధి చివర ఆగిన వైద్యం వ్యాను ఎక్కాడు.

"అన్ని నీళ్ళెవరు తాగమన్నారు తాతా? బాత్రూంకెళ్ళి రా. నీ మూత్రసంచి ఏ రోజు ఎలాగుంటే అలాగ మిషనే సర్దుకుంటాది," అంది ఆపరేటరు హిమజ.

ఇరవై ఏళ్ళ కిందట అతని ప్రోస్టేటు క్యాన్సరుకి రేడియేషన్ కరెంటు పెట్టినప్పుడు సంచి నిండితేనే బల్ల ఎక్కించేవారు. ఆసుపత్రి బెంచీ మీద అతనితో కలిపి ఐదుగురు మూడేసి గ్లాసులు తాగి ముప్పావుగంట కూర్చునేవారు. ఎవరూ నవ్వించకూడదని ఒట్టు. అయినా వాళ్ళలో డ్రిల్లు మాస్టారు అప్పలస్వామి రోజూ నవ్వించేవాడు. ఒకరోజు పైడిరాజు పంచె తడిసిపోయి, మళ్ళీ మొదటి గ్లాసు నుంచి తాగాల్సొచ్చింది. తమ వంతు అయిపోయినా మిగతా నలుగురూ ఇళ్ళకి పోలేదు. అతనితో పాటు మళ్ళీ కూర్చున్నారు.

ఇప్పుడు జబ్బు మూత్రసంచికే వచ్చింది. వ్యానులో కరెంటు పెట్టడం పది నిమిషాల్లో అయిపోయింది. తర్వాత ఎక్కిన మనిషి అతని వంకైనా చూడలేదు.

"రేపు అరగంట ముందొస్తానమ్మా. కూకోడానికేటైనా ఉందా?"

"లేదు తాతా. ఇక్కడెవరూ ఆగక్కర్లేదు గదా."

మర్నాడు పైడిరాజు వ్యాను పక్కన రెండు మడత కుర్చీలు వేశాడు. ఒకదాంట్లో కూర్చుని, రెండోదాని మీద దుమ్ము కండువాతో తుడిచాడు.