పరాయిది కాదు

“నా కొడుకు జోలికి రావద్దన్నానా లేదా?” ఉస్తీన్య చేతిలోని చేపను పొయ్యి పక్కన విసిరికొట్టింది. “పరాయిదాన్ని ఈ గుడారంలోకి కోడలిగా రానివ్వను. మొదటి చలికే నీ ముక్కు ఊడి రాలుతుంది, రెండో చలికి నువ్వే రాలిపోతావు. మా యెరెమెయ్ ఏడ్చి ఏడ్చి నదిలో మంచు పగలగొట్టుకుని దూకుతాడు. అప్పుడు నేనేం కావాలి?”

సైబీరియాలోని ఈ ఖాంతీల భాష నేర్చుకుందామని ఫిన్లాండ్ నుంచి వచ్చిన కైసు కదల్లేదు. “నేను పరాయిదాన్ని కాదు అత్తమ్మా.”

“అత్తమ్మా అన్నావంటే నాలుక కోస్తా!”

“కన్నును మీరేమంటారు?”

“సెమ్. పొడిచేస్తా.”

“మేం సిల్మ అంటాం. రెండును?”

“కత్. రెండూ పొడిచేస్తా.”

“మాకు కక్సి. మరి నెత్తురు?”

“వూర్. అదీ చూస్తావు ఇవాళ.”

“మేం వెరి అంటాం. చూశారా, ఎంత దగ్గరో!”

“కుక్క అరుపూ తోడేలు అరుపూ ఒకలాగే ఉంటాయి. చుట్టాలైపోయాయా?”

“అయిదారు వేల ఏళ్ల కిందట మనందరిదీ ఒకే భాష అని మా పండితులు తేల్చారు.”

ఉస్తీన్య గయ్యిమనబోయి ఆగింది. చేతులు తుడుచుకుంది. “అంటే ఒకే పొయ్యి దగ్గర తిన్నవాళ్లమా?”

“అవును!”

“మాది ఎలుగు వంశం. ఎలుగే మా మొదటి తల్లి. మీకూ ఆవిడేనా?”

కైసు చదివిన ఏ పుస్తకంలోనూ ఆ సంగతి లేదు. ఇంతలో బయట యెరెమెయ్ జింకల మెడగంటలు వినిపించాయి.

“మాకూ ఆవిడే. నేను మీ వంశపు పిల్లనే.”

“ఉట్టి మాటలొద్దు.” ఉస్తీన్య మూల రుమాలు కప్పి ఉన్న ఎలుగు తలను చూపించింది. “దాని మీద చెయ్యి పెట్టి చెప్పు. అబద్ధమైతే ఏడాది తిరిగేలోగా ఎలుగే వచ్చి చీల్చేస్తుంది, ముందే చెబుతున్నా.”

కైసు రుమాలు మీద చెయ్యి పెట్టి ఒట్టేసింది.

ఉస్తీన్య గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. పిల్లను దగ్గరికి లాక్కుని నుదుట ముద్దు పెట్టింది. పులుసులోంచి లావుపాటి చేపముక్క ఏరి ఆమె గిన్నెలో వేసింది. తెర ఎత్తుకుని లోపలికొచ్చిన యెరెమెయ్ అది చూసి, నోరంతా తెరిచి నవ్వాడు.

“రారా,” అంది తల్లి. “ఈ అమ్మాయి మన వంశపు పిల్లేనట, ఒట్టు కూడా వేసింది. కుందేలు వంశంలో ఈ నీ చెల్లెలికి మంచి సంబంధం చూడు.”