చెరో పురుగు

బావ మొహం చూస్తే బావమరిదికి ఒళ్ళు మంట. బావమరిది పేరెత్తితే బావకి అన్నం సయించదు. ఖర్మకాలి ఇద్దరూ ఒకే మ్యూజియంలో, ఒకే హాల్లో, పురుగులకి పేర్లు పెట్టే ఉద్యోగంలో పడ్డారు.

హాలు మధ్యలో బీరువాలు అడ్డం పెట్టుకున్నారు. అటుపక్క రెక్కలున్నవి బావవి. ఇటుపక్క రెక్కల్లేనివి బావమరిదివి. ఇలా పంచుకోవడం పురుగులకి సమ్మతమేనా అని ఎవరూ అడగలేదు. ఎవరి తాళం వాళ్ళ జేబులో ఉంటుంది. ఒకరి సీసాలోకి ఇంకొకరు తొంగిచూడటం నామోషీ.

పక్క ఊరి ప్రొఫెసరొకాయన పాపం, ఎప్పుడో పేరు పెట్టేసిన జీవికే మళ్ళీ కొత్త పేరు పెట్టి దొరికిపోయాడు. అచ్చులో పడ్డ పేరు వెనక్కి రాదు. ఆయన తప్పు పుస్తకాల్లో శాశ్వతంగా ఉండిపోయింది. ఆయన్ని తలుచుకుని నవ్వుకోవడంలో మాత్రం బావా బావమరుదులు ఒక్కటే.

ఇద్దరి మధ్యా మాటలు మోసే మనిషి ఒక్కతే. బావకి భార్య, బావమరిదికి అక్క. పళ్ళ డాక్టరు. పొద్దంతా జనం నోళ్ళలోకి చూసి, ఇంటికొచ్చి వీళ్ళ నోళ్ళు భరించాలి.

బావకున్న దిగులల్లా ఒకటే. దారిన పోయే ప్రతివాడి పేరు మీదా ఏదో ఒక పురుగుంది, ఆయన పేరు మీద లేదు. మనం కనిపెట్టిన దానికి మన పేరే పెట్టుకుంటే నలుగురూ నవ్వుతారు. ఇంకెవరైనా పెట్టాలి. తోటివాళ్ళందర్నీ ఏనాడో తిట్టి పోగొట్టుకున్నాడు, ఇక పెట్టేదెవరు? రిటైర్మెంటు దగ్గరపడింది. పేరు మిగలకుండా పోతానేమోనని ఆయనకి నిజంగానే భయం.

ఒకరోజు భార్య పచ్చ మూత మందు సీసా ఒకటి తెచ్చి చేతిలో పెట్టింది.

“పెరట్లో దొరికిందండీ. ఇది నాకు కనబడ్డప్పుడు...”

“ఆగాగు,” అన్నాడు బావ. “పళ్ళు పీకేవాళ్ళు పళ్ళు పీకితే చాలు. పురుగు సంగతి పురుగే చెబుతుంది.”

వారం తిరక్కుండానే తేలిపోయింది. లోకంలో ఎవరూ చూడని జాతి. నల్లటి రెక్కలు, దువ్వెన పళ్ళలాంటి మీసాలు. పెరట్లో దొరికిందంటే పరువేముంటుంది? కొండలెక్కి పట్టుకొచ్చానని రాసుకున్నాడు. మ్యూజియం మెట్లెక్కితేనే ఆయాసపడే మనిషి.

సరిగ్గా అప్పుడే బీరువాలకి ఇవతల బావమరిది కూడా కొత్త జాతి కనిపెట్టానని ఊగిపోతున్నాడు. రెక్కల్లేవు, లావుగా, నేల మీద దొర్లుకుంటూ పోయే రకం. నది లోయలో ప్రాణాలకి తెగించి పట్టానంటాడు. చెంబుడు నీళ్ళు నెత్తిన పోసుకోవడానికే వణికే ఘనుడు. అతని పేరు మీదా ఏ పురుగూ లేదు. అతని నోరూ అలాంటిదే మరి.

బావ తన గర్వాన్ని గుటకేసి మింగాడు.

“మీ తమ్ముడితో చెప్పు. వాడి పురుగుకి నా పేరు పెడితే, నా పురుగుకి వాడి పేరు పెడతాను.”

అక్క వెళ్ళి తమ్ముడికి చెప్పింది.

“బావ పేరు పెడితే నా పురుగు సిగ్గుతో చస్తుందక్కా,” అన్నాడు తమ్ముడు. కాసేపు గోళ్ళు గిల్లుకున్నాడు. “ఎలాగూ చచ్చిందే కదా. సరేనను.”

“ఒరేయ్, ముందు ఆ రెండు సీసాలూ పక్కపక్కన పెట్టి ఒకసారి చూసుకోండిరా.”

“బావ సీసాలోకి నేను చూడాలా? నువ్వు నీ పళ్ళ సంగతి చూసుకో అక్కా.”

ఇంటికొచ్చి మొగుడికీ అదే మాట చెప్పింది. అక్కాతమ్ముళ్ళు కలిసి నాకు పాఠాలు చెబుతారా అని ఎగిరిపడ్డాడు. ఆ తర్వాత ఆవిడ ఆ ఊసెత్తలేదు.

రెండు పేర్లూ ఒకే పత్రికలో అచ్చయ్యాయి. మ్యూజియం వాళ్ళు సభ పెట్టారు. ఎవరి పచ్చ మూత సీసా వాళ్ళు పట్టుకుని, ఒకరి చేతి వైపు ఒకరు చూడకుండా ఫొటో దిగారు.

“నాకూ మా బావమరిదికీ ఏదో చుట్టరికం ఏడిచింది,” అన్నాడు బావ మైకులో. “ఈ రెండు పురుగులకీ అదీ లేదు. ఏడు తరాలు వెతికినా సంబంధం దొరకదు.”

“మా బావ నోట్లోంచి వచ్చిన మొదటి నిజం ఇదే,” అన్నాడు బావమరిది.

జనం నవ్వారు. వచ్చే నెల రెండు సీసాలూ కలిపి విదేశీ నిపుణుల పరీక్షకి పంపిస్తున్నామని డైరెక్టరు ప్రకటించాడు. ఇద్దరూ ఛాతీ విరుచుకున్నారు.

బావ వేదిక దిగొచ్చి భార్య పక్కన కూర్చున్నాడు.

“ఆ రోజు ఏదో చెప్పబోయావుగా. చెప్పు, వింటాను. ఇవాళ మనసు బాగుంది.”

“పళ్ళు పీకేదాన్ని, నాకేం తెలుసు,” అని ఆవిడ చప్పట్లు కొడుతూనే ఉంది.

పెరటి గోడ మీద జతకట్టి, ఒకదాన్నొకటి వదలకుండా ఉన్న ఆ రెక్కల మగ పురుగునీ, రెక్కల్లేని ఆడ పురుగునీ, బావా బావమరుదులకి తగువు రాకూడదని విడదీసి, చెరో సీసాలో వేసి ఇద్దరికీ పంచింది ఆవిడే.