మామయ్యగారి దగ్గు

“మామయ్యగారూ, మీరు బయటికెళ్ళండి. గుర్తింపు పరేడ్ మళ్ళీ మొదట్నుంచి చేయిద్దాం,” అంది కోడలు.

స్టేషన్ వెనక గదిలో చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది. గోడవారగా వరసలో నిలబడ్డ ఏడుగురు మగవాళ్ళూ తలలు తిప్పి చూశారు. ఇన్‌స్పెక్టర్‌ని ఆయన స్టేషన్‌లోనే బయటికి పొమ్మన్న మనిషిని వాళ్ళు ఎన్నడూ చూసి ఉండరు. అదీ, మెడలో కాలేజీ ఐడీ కార్డు తప్ప మరే అధికారమూ లేని మనిషిని.

“ఇది నీ క్లాసురూమ్ కాదమ్మాయ్,” అన్నాడు ఇన్‌స్పెక్టర్ పళ్ళ మధ్య నుంచి. “క్రిమినల్ జస్టిస్ డిగ్రీ, ప్రాక్టికల్ అంటూ వచ్చావు. ఓ మూల కూర్చుని రాసుకో. సాక్షి వచ్చింది, నాలుగో వాణ్ణి చూపించింది. అయిపోయింది.”

“చూపించింది. మీరు దగ్గాక చూపించింది.”

“దగ్గొస్తే దగ్గనా? దానికీ ఓ సెక్షన్ ఉందా మీ పుస్తకాల్లో?”

పక్కనున్న హెడ్ కానిస్టేబులు కిసుక్కున నవ్వబోయి, ఇన్‌స్పెక్టర్ చూపు తగిలి మీసం సవరించుకున్నాడు.

ఆ నాలుగో వాడు లిఫ్ట్ మెకానిక్. ఏడవడానికి కూడా భయపడుతూ నిలబడ్డాడు. వెనక సందులోని మందుల షాపులో ఎవడో కత్తి చూపించి గల్లాపెట్టె ఊడ్చుకుపోయిన సాయంత్రం, ఇతను ఆ సందులోంచి పోతూ కనబడ్డాడు. అతని మీదున్న ఆధారం అంతే. మిగతా ఆరుగురూ ఏదో పని మీద స్టేషన్‌కి వచ్చి, హెడ్డుగారి కంటబడ్డ పాపానికి వరస నింపుతున్నవాళ్ళు.

“ఎవరి మీద అనుమానమో తెలిసిన మనిషి సాక్షి పక్కన ఉండకూడదు మామయ్యగారూ. నోరు విప్పకపోయినా మొహం చెప్పేస్తుంది. నాకూ తెలుసు కాబట్టి నేనూ ఉండను. ఇవాళే డ్యూటీలో చేరిన కానిస్టేబులమ్మకి ఇందులో ఎవరెవరో తెలీదు. ఆవిణ్ణి చేయించమనండి. అతనే దొంగని మీకంత నమ్మకముంటే బయట నిలబడ్డానికి భయమెందుకు?”

“భయమా? నాకా?” ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. “సరే, అలాగే కానీ. అయితే ఒక్క మాట. ఈసారీ ఆవిడ వీణ్ణే చూపిస్తే నువ్వీ చదువు మానెయ్యాలి. ఇంట్లో మళ్ళీ ఆ ఊసెత్తకూడదు.”

కోడలు మెడలోని ఐడీ కార్డు పట్టుకుంది. ఇదే ఆఖరి ఏడాది. పిల్లాణ్ణి ఒళ్ళో జోకొడుతూ, పొయ్యి మీద కూర మాడ్చుకుంటూ ఇంతదాకా లాక్కొచ్చింది. మెకానిక్ వైపు చూసింది. అతను ఆమెనే చూస్తున్నాడు.

“సరే మామయ్యగారూ.”

వరసలో మనుషుల్ని అటూ ఇటూ మార్చి నిలబెట్టారు. బయట కూర్చున్న సాక్షి, మందుల షాపు ఆవిడ, మళ్ళీ లోపలికెళ్ళింది. తలుపు మూసుకుంది.

వరండాలో మామా కోడళ్ళు చెరో స్తంభం పక్కన నిలబడ్డారు. బెంచీ మీద మెకానిక్ తల్లి చీర కొంగు వేలికి చుడుతూ, విప్పుతూ కూర్చుంది. ఇన్‌స్పెక్టర్‌కి గొంతులో ఏదో గరగరలాడింది. దగ్గబోయాడు. కోడలు చూసింది. మింగేశాడు.

తలుపు తెరుచుకుంది.

“రెండో నంబరు సార్,” అంది కానిస్టేబులమ్మ.

ఇన్‌స్పెక్టర్ రెండంగల్లో లోపలికెళ్ళాడు. రెండో చోట నిలబడ్డవాడు దువ్విన తలతో, ఇస్త్రీ చొక్కాతో ఉన్నాడు. మెకానిక్ వరస చివర్న నిలబడి ఉన్నాడు. సంగతి అర్థమై, గోడ వెంట జారి నేల మీద కూలబడ్డాడు. తల్లి అడ్డొచ్చిన కుర్చీ తోసుకుని వచ్చి కొడుకు తల గుండెలకి అదుముకుంది.

కోడలికి ఎగిరి గంతెయ్యాలనిపించింది. అయినా మెత్తగానే మాట్లాడింది. “ఆవిడ తప్పేం లేదు మామయ్యగారూ. భయంలో చూసిన మొహం ఎవరికైనా సరిగ్గా గుర్తుండదు. అందుకే ఈ పెద్దమనిషిని...”

“నా జ్ఞాపకానికేం తక్కువ?” మందుల షాపు ఆవిడ గయ్యిమంది. “ఇందాకే వీడి దగ్గర ఆగాను. ఇన్‌స్పెక్టర్‌గారూ, నాలుగో అతని వైపు చూస్తూ మీరు దగ్గారు. పోలీసాయనకి నాకంటే తెలీదా అని వేలు అటు తిప్పాను. వీడే!”

ఇస్త్రీ చొక్కా వాడు అప్పటికే తలుపు దగ్గరున్నాడు. “నాకు బస్సుకి టైమవుతోందండీ,” అంటూ జారుకోబోయాడు. కానిస్టేబులమ్మ కాలరు పట్టుకుంది.

“కత్తి ఊరికే చూపించానమ్మా! పొడవాలని కాదు,” అని బావురుమన్నాడు.

గదంతా గొల్లున నవ్వింది. ఇన్‌స్పెక్టర్ కోడలి దగ్గరికొచ్చాడు.

“రేపు కాలేజీకి బస్సెక్కకు. నేను దింపుతాను. మీ అత్తయ్యకీ నేనే చెప్తాను, సాయంత్రం వంట మా ఇద్దరిదీ అని.”

“మీకు వంటొచ్చా మామయ్యగారూ?”

“నేర్చుకుంటాలే. నువ్వు నేర్పుతున్నావుగా అన్నీ.”

కోడలు పకపకా నవ్వింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వింది.

ఇన్‌స్పెక్టర్ టోపీ పెట్టుకుని, ఉత్సాహంగా హెడ్డుగారి భుజం తట్టాడు. “ఇంతకీ ఇంత గట్టి దొంగని వరసలోకి ఎక్కణ్ణుంచి పట్టుకొచ్చావయ్యా?”

హెడ్డుగారు బుర్ర గోక్కున్నాడు.

“వాడే వచ్చాడు సార్, మంచి నడవడిక సర్టిఫికెట్ కోసం. పొద్దున మీరే సంతకం పెట్టారు.”