విత్తనం బస్తా

వాన పడింది.

రెండేళ్లుగా మొహం చాటేసిన వాన, ఆషాఢంలో ఒక మధ్యాహ్నం మంగళవాడ మీద కుండపోతగా కురిసింది. ఊరంతా వీధిలోకొచ్చి తడిసింది. గంగాదేవి ఒక్కతే గడప లోపల నిలబడి, మూలనున్న బస్తా కేసి చూసింది.

అరబస్తా శెనక్కాయలు. విత్తనం కాయలు. కిందటేడు మూడెకరాల్లో చేతికొచ్చింది అంతే.

"గంగా, రేపు పొద్దున్నే కాయలు వలుద్దాం. ఎల్లుండి విత్తేదానికి గొర్రు కడతా!" తడిసిన తలతోనే తిమ్మన్న ఎద్దుల దగ్గరికి పరిగెత్తాడు. మేత లేని రోజుల్లో కూడా ఆ ఎద్దుల్ని అమ్ముకోకుండా నిలబెట్టుకున్నది ఈ వాన కోసమే.

ఈ ఏడు ఉగాదికి ముందు కూతురు సుబ్బికి తట్టు పోసింది. నాలుగేళ్ల పిల్ల. జబ్బు తగ్గినా లేచి కూర్చోలేకపోయింది. మెడ కూడా నిలిచేది కాదు. అంగనవాడి టీచరమ్మ తూకం వేసి తల అడ్డంగా ఊపింది.

"ఇట్లే ఉంటే ఈ పిల్ల వానాకాలం చూడదు గంగమ్మా. శెనక్కాయ గింజలు, రాగిపిండి వేయించి, బెల్లం పాకంలో కలిపి బిళ్లలు కొయ్యి. పూటకొకటి పెట్టు. మందుకన్నా అదే మేలు."

నాలుగో తరగతితో బడి మానిన గంగాదేవి, మరిచిపోతానేమోనని ఆ మాటల్ని బొగ్గుతో గోడ మీద రాసుకుంది. రాగిపిండి ఇంట్లో ఉంది. బెల్లం కరువు పని కూలితో కొనొచ్చు. గింజలే లేవు.

"పిడికెడు కాయలియ్యత్తా, పిల్లకి."

తిప్పమ్మ బస్తాకు వీపానించి కూర్చుని, ఎర్రంచు చీర కొంగు నడుముకు దోపుకుని, చిన్న రోట్లో వక్కలు దంచుకుంటూ ఉంది. పళ్లు లేని ముసలిది.

"ఇత్తనం తిన్నిల్లు, దీపం ఆరిన ఇల్లు ఒకటే పిల్లా. నేను సచ్చినా ఈ మూట ఇప్పేది లేదు. వానొస్తే నా కొడుకు ఏమిత్తాల? నీ కాలిమెట్టెలా?"

మర్నాడు మధ్యాహ్నం అత్త మేకల్ని తోలుకుపోగానే గంగాదేవి బస్తా కింది మూల కుట్టు విప్పింది. రెండు పిడికిళ్లు తీసింది. ఒక్కో కాయ ముక్కు నొక్కి, గింజ తీసుకుని, డొల్లను మళ్లీ మూసి, మోచేతి దాకా లోపలికి తోసింది. మూలను తెల్లదారంతో కుట్టేసింది.

ఆ పూట నుంచి రోజూ అదే పని. ఇంట్లో వేయిస్తే వాసన పట్టేస్తారని అంగనవాడి పొయ్యి మీద చేసేది. గింజలు పుట్టింటోళ్లు పంపినారని టీచరమ్మకు చెప్పింది. గింజలు వేయించి, పొట్టు చెరిగి, కచ్చాపచ్చాగా దంచేది. పాకం చుక్క నీళ్లలో గట్టిగా ఉండ కడితే దించేది. చమురు రాసిన పీట మీద పరిచి, వేడి మీదే చాకుతో బిళ్లలు కోసేది.

"అవ్వతో చెప్పొద్దు," అనేది ప్రతిసారీ.

సుబ్బి వేలు పెదాల మీద పెట్టుకునేది, అదేదో తనకు బాగా అలవాటైన ఆటలాగా.

పొద్దున పూట గంగాదేవి కరువు పనిలో రాళ్లు కొట్టడానికి పోతే, పిల్ల అవ్వ దగ్గరుండేది. తిరిగొచ్చేసరికి అత్త రోటి చప్పుడు వీధి మొదట్లోకే వినిపించేది. తాగే నీళ్లకే గతిలేని కరువులో ఈమెకు వక్కలు ఎవరిస్తున్నారో! మనవరాలు చావుబతుకుల్లో ఉంటే నోరు పండించుకునే సోకు. గంగాదేవి పళ్లు నూరుకునేది.

నెల తిరిగేసరికి సుబ్బి గోడ పట్టుకుని నిలబడింది. రెండో నెలలో నడిచింది. మూడో నెల తూకం చూసి టీచరమ్మ ముక్కున వేలేసుకుంది.

"రోజుకు రెండు బిళ్లలకే ఇంత బరువా? నీ చేతి మహిమ గంగమ్మా!"

గంగాదేవి మటుకు రోజూ వేళ్ల మీద లెక్క వేసుకునేది. ఎంత తీసినా సగానికి మించలేదు. వానొస్తే నాలుగు సాళ్లకైనా విత్తనం ఉంటుంది. తక్కినవి ఎలుకలు తిన్నాయని చెప్పొచ్చు.

వాన పడ్డ మర్నాడు పొద్దున కాయలు వలవడానికి పక్కింటామె కూడా చేట పట్టుకుని వచ్చింది. తిమ్మన్న బస్తాను ఎత్తి, ఒక్క క్షణం ఆగిపోయాడు.

"ఏందిది, ఇంత తేలిగ్గా ఉండాది?"

"ఎండలకి ఎండినాయిలేరా," అంది తిప్పమ్మ.

అత్త నోట ఆ మాట రాగానే గంగాదేవికి ప్రాణం లేచొచ్చింది.

తిమ్మన్న బస్తాను చాప మీద కుమ్మరించాడు. పక్కింటామె ఒక కాయ నొక్కింది. ఇంకొకటి నొక్కింది.

"ఇవి డొల్లలు గదప్పా!"

తిమ్మన్న కూడా చాప మీద కూర్చున్నాడు. టప్ టప్‌మని కాయలు నొక్కే చప్పుడే. కుప్ప అడుగుదాకా వెతికితే చేటలో చేరినవి దోసెడు గింజలు.

గంగాదేవి మొగుడి కాళ్ల దగ్గర కూలబడింది. "నేనే తీసినా. పిల్ల కోసం. కొట్టు."

తిమ్మన్న చెయ్యెత్తాడు. అంతలో సుబ్బి పరిగెత్తుకొచ్చి నాన్న కాలిని చుట్టేసింది. ఉగాదికి మెడ నిలవని పిల్ల. పరిగెత్తుకొచ్చింది. ఎత్తిన చెయ్యి మెల్లగా దిగి ఆ పిల్ల తల మీద ఆగింది.

"యావత్తూ తీసేసినావా?" అన్నాడు తిమ్మన్న. "నాలుగు సాళ్లకన్నా మిగిల్చకూడదా గంగా?"

మిగిల్చింది. లెక్క పెట్టి మరీ మిగిల్చింది. బయట పక్క చేలల్లోంచి ఎద్దుల గంటలు వినిపిస్తున్నాయి. తడిసిన మట్టి వాసన ఇల్లంతా నిండింది. ప్రతి దానికీ మాటకు మాట అంటించే తిప్పమ్మ, గడప మీద చిన్న రోలు ఒళ్లో పెట్టుకుని తలెత్తకుండా కూర్చుంది.

చేతులకు పని లేక గంగాదేవి ఖాళీ బస్తాను మడవబోయి తిరగేసింది. తను తెల్లదారంతో కుట్టిన మూలకు ఎదురుమూలన ఇంకో కుట్టు ఉంది, చీర అంచులోంచి లాగిన ఎర్రదారంతో.