వల మీద చక్రం

దాలయ్య తెడ్డు తిరగేసి కొడుకు వీపు మీద ఒక్కటి వాయించాడు.

"గంగమ్మకి మొక్కిన వలరా అది! ఒడ్డున ఆరేత్తే దానిమీద సక్రాలెక్కిత్తావా?"

ఉమామహేష్ కాలేజీ ప్రాజెక్టుకని చేసిన రోబో అది. నెత్తిన చిన్న కెమెరా. అది చూసిందల్లా ఇంట్లో టీవీలో కనబడుతుంది.

ఇంతలో ఒడ్డు నుంచి కేకలు. "తెప్పల కాడ కొట్లాట మొదలైంది. నువ్వు రాకు." దాలయ్య కొడుకును ఇంట్లోకి తోసి, బయట గొళ్లెం పెట్టి పరిగెత్తాడు. రోబో వాకిట్లోనే ఉండిపోయింది.

ఉమామహేష్ రిమోటు నొక్కి రోబోను ఒడ్డు వైపు తిప్పాడు. టీవీలో కురుక్షేత్రం! ఒక్క పేట మనుషులే రెండు గుంపులై తలలు పగలగొట్టుకుంటున్నారు. ఇసక నెత్తురు తాగుతోంది. గంగమ్మకి మొక్కిన ఆ వలకుప్ప పక్కనే దాలయ్య తెడ్డు తిప్పుతున్నాడు. వెనక నుంచి ఒకడు కత్తి ఎత్తి వస్తున్నాడు.

"అయ్యా, ఎనకాల!" తలుపు బాదాడు. ఆ హోరులో ఎవరికి వినబడుతుంది? సంజయుడికి వ్యాసుడు చూపు ఇచ్చాడే గాని, ఆపే చెయ్యి ఇచ్చాడా?

ఉమామహేష్ రోబోను తిన్నగా వల మీదకే తోలాడు.

దాలయ్య చూశాడు. కొట్లాట మరిచి, పళ్లు కొరుకుతూ చక్రాన్ని పీకడానికి వంగాడు. టీవీ నల్లబడింది.

చాలాసేపటికి గొళ్లెం తీసిన చప్పుడైంది. గుమ్మంలో దాలయ్య. తలగుడ్డ కత్తివేటుకి చీలి, భుజం మీద వేలాడుతోంది.

"సెప్పినా మళ్లీ ఎక్కించీసేవేట్రా!" తెడ్డు లేపాడు.

ఉమామహేష్ ఏడుస్తూ వీపు తిప్పాడు.

"కొట్టయ్యా, కొట్టు."