తడిసినా పనిచేసేది

"లంకెబిందెలకా సార్?" అన్నాడు షాపువాడు నవ్వుతూ.

"ఉంగరానికి," అన్నాడు గడియారాల మెకానిక్. అతనికి నవ్వు రాలేదు.

షాపువాడు నవ్వు సర్దుకుని, నీళ్ళలో లోహాన్ని పసిగట్టే డిటెక్టర్లు మూడు తెచ్చి బల్లమీద పెట్టాడు. మూడూ పొడుగాటి కర్ర చివర పళ్ళెం బిగించినట్టే ఉన్నాయి. వెంట వచ్చిన బామ్మర్ది ముందుకు వంగి మూడింటి ధరలూ చదివేశాడు. బావ పిసినారితనం మీద అతనికి మొదట్నుంచీ గట్టి నమ్మకం.

పోయిన ఉంగరం మెకానిక్ భార్యది. వాళ్ళమ్మ గాజులు కరిగించి చేయించుకున్నది. ఆ అమ్మ పోయాక ఆమె మంచం ఎక్కింది. గోడవైపు తిరిగి పడుకునేది. అన్నం పెడితే రెండు ముద్దలు తిని చాలనేది. పలకరిస్తే పలికేది కాదు. నెలలు గడిచాయి. మందులు మారాయి, డాక్టర్లు మారారు, ఆమె మాత్రం గోడని వదల్లేదు.

చివరికి ఒక ఆదివారం మొగుడూ తమ్ముడూ కలిసి బలవంతాన లేపి, గాలి మారుతుందని రిజర్వాయరు ఒడ్డుకి తీసుకెళ్ళారు. మోకాళ్ళ లోతు నీళ్ళలో కాసేపు నిలబెట్టి, చేతులూ మొహమూ కడిగి, తువ్వాలుతో తుడిచి, బస్సెక్కించి తీసుకొచ్చారు. ఇంటికొచ్చి చూసుకుంటే వేలికి ఉంగరం లేదు. చిక్కి పుల్లలైపోయిన వేళ్ళు మరి.

ఆ సాయంత్రం ఆమె ఇల్లు దద్దరిల్లేలా ఏడ్చింది. మర్నాడు అందరికంటే ముందు లేచి, తనే తలుపు తీసుకుని రిజర్వాయరుకి బయల్దేరింది. అప్పట్నుంచి రోజూ అదే పని. నీళ్ళలో వంగి చేత్తో ఇసక దేవుతుంది. ఇల్లు చేరేసరికి గోళ్ళనిండా బురద, కళ్ళనిండా నీళ్ళు. మెకానిక్ తల దించుకుని ఆ చేతుల మీద నీళ్ళు పోస్తాడు.

"ఇది చవక," అన్నాడు షాపువాడు మొదటిదాన్ని చూపిస్తూ. "కానీ కింద పళ్ళెం ఒక్కటే తడవాలి. పై డబ్బాలోకి నీరు పోయిందా, ఇక అంతే సంగతులు."

"వద్దు. తడిసినా పనిచేసేది కావాలి."

"అయితే ఇది. ధర ఫర్వాలేదు, మొత్తం మునిగినా ఏం కాదు. కాకపోతే సీసా మూతలకీ రేకు ముక్కలకీ ఊరికే కూస్తుంది. ఆ గోల పడలేక ఈ మీట తిప్పితే, సన్నటి బంగారానికి కూడా నోరు మూసుకుంటుంది. ఉంగరానికైతే ఆ పెద్దదే తీసుకోండి సార్. ఆవగింజంత బంగారాన్నీ వదలదు."

మెకానిక్ నడిమిదాన్ని ఎత్తి బరువు చూశాడు. మోచెయ్యి ఆనే చోట వేలితో తడిమాడు.

"బ్యాటరీ పొద్దుట్నుంచి మధ్యాహ్నం దాకా ఆగుతుందా?"

"ఆగుతుంది."

"షాకు గట్రా కొట్టదు కదా? నీళ్ళలో నిలబడే మనిషి."

"కొట్టదు సార్. కానీ మీరు అడగాల్సింది అది కాదు..."

"ఇదే ఇవ్వండి."

బామ్మర్దికి ఒళ్ళు మండింది. "బావా, అక్క ఉంగరం దగ్గర కూడా పిసినారితనమేనా? పెద్దదానికి నేను సగం వేసుకుంటా."

"అక్కర్లేదురా."

"నీ కొట్లో వెంట్రుకంత స్క్రూ పడిపోతే ప్రాణం పోయినట్టు వెతుకుతావు. బల్లమీద గుడ్డని పళ్ళెంలో దులిపిగానీ మడత పెట్టవు. ఆ అలవాటుతో ఇంట్లో దుప్పటి దులపాలన్నా నీకు కింద పళ్ళెం ఉండాలి! అంత జాగ్రత్త మనిషివి, అక్క దగ్గరికొచ్చేసరికి ఏమైంది నీకు?"

మెకానిక్ డబ్బు లెక్కపెట్టి బల్లమీద పెట్టాడు. షాపువాడు తలవంచుకుని డిటెక్టర్‌ని అట్టపెట్టెలో సర్దాడు.

షాపువాడు అన్నట్టే ఆ డిటెక్టర్ తెగ కూసింది. ఆమెకి విసుగొచ్చి మీట తిప్పేసింది. అయినా తాళాలగుత్తి దొరికింది. ఎవరిదో బెల్టు బకిల్ దొరికింది. ఒకరోజు వంకరపోయిన గరిటె దొరికితే, "ఏమండీ, ఇక్కడెవరో కాపురం పెట్టి ఖాళీ చేసినట్టున్నారు," అని నవ్వింది. అంతలోనే వేలు చూసుకుంది. నవ్వు ఆగిపోయింది.

"దొరుకుతుందంటారా?"

"వెతుకుదాం," అన్నాడు అతను, మొహం పక్కకి తిప్పుకుని.

ఇంటికొచ్చి ఆమె పళ్ళెం ఖాళీ చేసి మారు వడ్డించుకుంది. బురద చీర నానబెట్టలేదని మొగుణ్ణి కసిరింది. తమ్ముడికి ఫోన్ చేసి గరిటె సంగతి చెప్పింది. కానీ ఆ వారం ముగిసేసరికి ఆమె డిటెక్టర్‌ని మూలన పడేసింది.

"ఇంక దొరకదు లెండి. నాకు రాసిపెట్టి లేదు." వెళ్ళి మంచంమీద వాలింది. గోడవైపు తిరిగింది.

మెకానిక్ బాత్రూం దాకా వెళ్ళాడు. తలుపు మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాడు. మళ్ళీ వెనక్కి వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు.

"ఒడ్డు అవతలి చివర మనం చూడనేలేదు. ఆ రోజు నువ్వు అక్కడ కూడా నిలబడ్డావు."

"నిలబడ్డానా?" అంది ఆమె, గోడవైపు నుంచే.

"నిలబడ్డావు. నాకు బాగా గుర్తు."

ఆమె ఇటు తిరిగింది. "ముందే చెప్పొచ్చు కదండీ! బ్యాటరీ చార్జింగ్ పెట్టండి మరి."

పొద్దున్నే వీధి తలుపు దగ్గర్నుంచి కేక వినిపించింది. "ఏమండీ, తెమిలారా? ఎండెక్కిపోతోంది!"

"వస్తున్నా," అంటూ అతను, ఆమె మొదటిసారి తనంతట తాను గుమ్మం దాటి వెళ్ళిన పొద్దున తువ్వాలు దులిపితే పళ్ళెంలో ఖంగుమని రాలిన ఉంగరాన్ని బాత్రూంలో షేవింగ్ డబ్బా అడుక్కి ఇంకాస్త తోసి, మూత గట్టిగా బిగించాడు.